సాకెట్టులో పెట్టుకునే పవర్ మీటరు: ఇంటి వస్తువుల మీద వాడి చూసిన సమీక్ష

ఒక వస్తువు ఎంత కరెంటు లాగుతుందో చూపే చిన్న డిజిటల్ మీటర్లు ఇప్పుడు సుమారు వెయ్యి రూపాయలకు దొరుకుతున్నాయి. గోడ సాకెట్టులో ముందుగా ఈ మీటరును పెట్టి, దాని ముఖం మీద ఉన్న సాకెట్టులో కెటిల్ ప్లగ్గో, ఫ్రిజ్ ప్లగ్గో, టీవీ ప్లగ్గో పెడితే ఆ వస్తువుకు అందుతున్న వోల్టేజీ, అది లాగుతున్న కరెంటు, ఆ క్షణంలో వాడుతున్న వాట్లు, అప్పటివరకు కాలిన యూనిట్లు తెర మీద కనిపిస్తాయి. ఒకే నమూనా అనేక పేర్లతో అమ్ముడవుతున్నందున ఏ కంపెనీ పేరూ ఇక్కడ రాయడం లేదు. నేను వాడుతున్నది మన త్రీపిన్ ప్లగ్గు, చిన్న ఎల్‌సీడీ తెర ఉండి, 16 ఆంపియర్ల వరకు తట్టుకునే రకం. కరెంటు బిల్లు తగ్గించుకునే సాధనంగా దీన్ని అమ్ముతున్నారు, ఆ పని కొంతవరకు చేస్తుంది కూడా. అయితే దీన్ని నేను మెచ్చుకోవడానికి అంతకన్నా పెద్ద కారణం ఉంది. పదో తరగతిలో సూత్రాలుగా బట్టీపట్టి, పరీక్ష అయిపోగానే వదిలేసే వోల్టు, ఆంపియరు, ఓమ్, వాట్ అనే మాటలు మనం రోజూ ముట్టుకునే సామాన్లలో ఎలా పనిచేస్తున్నాయో ఇది అంకెలతో సహా చూపిస్తుంది.

ఏ వస్తువూ తగిలించకుండా ఖాళీగా పెట్టినా మీటరు రెండు సంగతులు చెబుతుంది. మొదటిది వోల్టేజీ. మన దేశంలో ఇళ్లకు ఇచ్చే సరఫరా పేరుకు 230 వోల్టులే అయినా తెర మీద ఆ అంకె నిలకడగా ఉండదు. మా ఇంట్లో అర్ధరాత్రి దాటాక 236 దాకా ఉండేది, ఎండాకాలం సాయంత్రాల్లో వీధిలో ఏసీలన్నీ నడుస్తున్నప్పుడు 212కు దిగుతుంది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి మన ఇంటి సర్వీసు వైరు దాకా ఉన్న తీగకు కొంత నిరోధం ఉంటుంది. ఆ తీగలో కరెంటు పెరిగేకొద్దీ, కరెంటును నిరోధంతో గుణిస్తే వచ్చినన్ని వోల్టులు దారిలోనే పోయి, మిగిలినవే మన సాకెట్టుకు చేరతాయి. లో వోల్టేజీ అని మనం విసుక్కునేది ఓమ్ నియమం వీధి పొడవునా పనిచేయడమేనని ఈ ఒక్క అంకెను పొద్దున, సాయంత్రం గమనించిన వారికి సులభంగా అర్థమవుతుంది.

రెండోది ఫ్రీక్వెన్సీ, అంటే సరఫరా సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగి వస్తుందో చెప్పే అంకె. ఇది 50 హెర్ట్‌జ్‌కు అటూ ఇటూ చాలా తక్కువగా కదులుతుంది, ఎందుకంటే గ్రిడ్ నియమావళి దీన్ని 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలని చెబుతోంది. దక్షిణాది గ్రిడ్ 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరుల మధ్య 765 కిలోవోల్టుల లైను ద్వారా మిగతా దేశపు గ్రిడ్‌తో కలిసింది. అప్పటి నుంచి దేశమంతా ఒకే లయలో నడుస్తోంది. వోల్టేజీ మాత్రం మన వీధి సంగతి, పక్క వీధిలో వేరుగా ఉండవచ్చు. ఈ తేడా చెప్పినప్పుడు పిల్లల కళ్లలో కనిపించే ఆశ్చర్యం కోసమైనా ఈ మీటరు ఇంట్లో ఉండదగిన వస్తువు.

మొదట పరీక్షించవలసింది కెటిల్. వేడి చేసే వస్తువులన్నింటిలోనూ ఇది సరళమైనది: లోపల ఒక హీటింగ్ కాయిలు, ఒక స్విచ్చి, అంతే. మా కెటిల్ అడుగున 1500 వాట్లు అని రాసి ఉంది. వోల్టేజీని వోల్టేజీతోనే గుణించి వాట్లతో భాగిస్తే నిరోధం వస్తుంది కనుక, 230 వోల్టుల లెక్కన దీని కాయిలు నిరోధం 35 ఓమ్‌ల పైచిలుకు ఉండాలి. 236 వోల్టులు ఉన్న వేళ మీటరు 6.7 ఆంపియర్లు, 1570 వాట్లకు పైగా చూపింది. 212 ఉన్న సాయంత్రం 6 ఆంపియర్లు, 1270 వాట్ల చుట్టూ చూపింది. రెండు వేళల్లోనూ వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే దాదాపు అదే 35 ఓమ్‌లు వస్తాయి. కాయిలు మారలేదు, దాని నిరోధమూ పెద్దగా మారలేదు, మారింది మనకు అందిన వోల్టేజీ ఒక్కటే. ఇక్కడ ఆగి ఆలోచించవలసిన విషయం ఏమిటంటే, వోల్టేజీ పది శాతం తగ్గితే వాట్లు పది శాతం కాదు, దాదాపు ఇరవై శాతం తగ్గాయి. వోల్టేజీ తగ్గినప్పుడు కరెంటు కూడా అదే పాళ్లలో తగ్గుతుంది, వాట్లు ఆ రెండింటి లబ్ధం కనుక తగ్గుదల రెండుసార్లు పడుతుంది. సూత్రంలో వోల్టేజీ నెత్తిన ఉండే ఆ చిన్న 2 అంకెకు అర్థం ఇదే.

అదే కెటిల్‌తో సామర్థ్యానికీ శక్తికీ ఉన్న తేడా కూడా చూడవచ్చు. చాలామంది, ఎలక్ట్రికల్ సామాన్లు అమ్మే కుర్రాళ్లతో సహా, వాట్లనూ యూనిట్లనూ కలిపేసి మాట్లాడుతుంటారు. ఒక లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌళ్ల శక్తి కావాలి. కుళాయి నీళ్లు 28 డిగ్రీల వద్ద ఉంటే, వంద డిగ్రీలకు తీసుకువెళ్లడానికి దాదాపు 300 కిలోజౌళ్లు పడతాయి. ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్లు గంటసేపు నడవడం, అంటే 3600 కిలోజౌళ్లు. ఆ లెక్కన లీటరు నీళ్లు మరగడానికి 0.084 యూనిట్ చాలాలి. మీటరు 0.09 చూపింది. మిగిలినది కెటిల్ పాత్ర వేడెక్కడానికి, ఆవిరికి, చుట్టూ గాలికి పోయింది. వోల్టేజీ బాగున్నప్పుడు ఈ పని మూడు నిమిషాల పైచిలుకులో అయిపోతుంది, సాయంత్రం నాలుగు నిమిషాలు దాటుతుంది, కానీ యూనిట్ల అంకె దాదాపు మారదు. వాట్లు తగ్గితే సమయం పెరిగింది, నీళ్లకు కావలసిన శక్తి మాత్రం అంతే ఉంది. లో వోల్టేజీలో కెటిల్ వాడితే బిల్లు ఎక్కువ వస్తుందనీ, తక్కువ వాట్ల కెటిల్ కొంటే కరెంటు ఆదా అవుతుందనీ అనుకునేవారికి ఈ రెండు అంకెలను పక్కపక్కన చూపితే చాలు.

ఇంకో మాట కూడా కెటిల్ దగ్గరే చెప్పుకోవాలి. 230 వోల్టుల వద్ద 1500 వాట్లు అంటే ఆరున్నర ఆంపియర్లు. మన ఇళ్లలో మామూలు చిన్న సాకెట్టు, పాతవాళ్లు ఫైవ్ యాంప్స్ అనేది, ఇప్పుడు 6 ఆంపియర్లకు తయారవుతోంది. అందుకే ఇలాంటి కెటిళ్లకు లావు పిన్నుల పవర్ ప్లగ్గు ఇస్తారు. ఆ లావు ప్లగ్గు చిన్న సాకెట్టులో పట్టదని కన్వర్టరు ప్లగ్గు కొని తగిలించేవారు, అది ఎందుకు పట్టకుండా తయారు చేశారో మీటరు మీద ఆంపియర్ల అంకె చూసి తెలుసుకోవచ్చు. నీళ్లు కాచుకునే ఇమ్మర్షన్ రాడ్డు సంగతీ ఇదే.

రైస్ కుక్కరును మీటరుకు తగిలించి అన్నం ఉడికేంతసేపు తెర చూడడం నిజంగా ఆసక్తికరమైన అనుభవం. వాట్ల అంకె సుమారు 700 వద్ద కదలకుండా నిలుస్తుంది. నీళ్లు ఉన్నంతసేపు గిన్నె అడుగు వంద డిగ్రీలు దాటదు, ఎందుకంటే ఇచ్చిన వేడంతా నీటిని ఆవిరిగా మార్చడానికే ఖర్చవుతుంది. బియ్యం నీటిని పీల్చుకుని, అడుగున తడి ఆరిపోగానే ఉష్ణోగ్రత వందను దాటి పైకి పోతుంది. గిన్నె కింద మధ్యలో ఉండే స్ప్రింగు బిళ్లలో ప్రత్యేకమైన మిశ్రలోహం ఉంటుంది. వందకు కాస్త పైన, ఒక నిర్ణీత ఉష్ణోగ్రతకు రాగానే అది అయస్కాంతానికి అంటుకునే గుణాన్ని కోల్పోతుంది. అంతవరకు దాన్ని పట్టుకుని ఉన్న అయస్కాంతం వదిలేస్తుంది, స్ప్రింగు లాగేస్తుంది, టక్కుమని మీట పైకి లేస్తుంది, తెర మీద 700 ఒక్కసారిగా 40కి పడిపోతుంది. గడియారం గాని, కంప్యూటరు చిప్పు గాని లేకుండా అన్నం ఉడికిందని ఒక లోహపు ముక్క తెలుసుకోవడం నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది. ఆ 40 వాట్లు అన్నాన్ని వెచ్చగా ఉంచడానికి. మధ్యాహ్నం దాకా ప్లగ్గు తీయకుండా వదిలేస్తే ఆరు గంటల్లో అది దాదాపు పావు యూనిట్ అవుతుంది.

ఇస్త్రీ పెట్టెలో రెండు లోహాల పట్టీ ఉంటుంది. రెండూ వేడికి ఒకేలా వ్యాకోచించవు కనుక పట్టీ వంగి కరెంటును తెంపుతుంది, చల్లారగానే మళ్లీ కలుపుతుంది. మీటరు మీద వెయ్యి, సున్నా, వెయ్యి, సున్నా అని అంకెలు మారుతూ పోతాయి. పెట్టె మీద వెయ్యి వాట్లు అని రాసి ఉన్నా, గంటసేపు బట్టలు ఇస్త్రీ చేస్తే ఒక యూనిట్ ఎందుకు కాలదో దీనివల్ల తెలుస్తుంది. తడి ఎక్కువున్న నూలు చీర వేసినప్పుడు వెయ్యి కనిపించే సమయం పెరుగుతుంది.

ఫ్రిజ్ దగ్గరికి వచ్చేసరికి విషయం లోతుగా మారుతుంది. మా పాత ఫ్రిజ్ కంప్రెసరు నడుస్తున్నప్పుడు మీటరు 230 వోల్టులు, 0.85 ఆంపియరు, 125 వాట్లు చూపింది. కెటిల్ విషయంలో వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే సరిగ్గా వాట్లు వచ్చాయి. ఇక్కడ గుణిస్తే 195 వస్తోంది, తెర మీద వాట్లు మాత్రం 125. మీటరు తప్పు చూపడం లేదు. పక్కనే పవర్ ఫ్యాక్టరు, అంటే వోల్టులు, ఆంపియర్ల లబ్ధంలో నిజంగా ఖర్చయ్యే వాట్ల వాటా, 0.64 అని కనిపిస్తుంది, 195ను 0.64తో గుణిస్తే ఆ 125 వస్తుంది. కంప్రెసరులో ఉన్నది మోటారు, అంటే ఇనుము చుట్టూ చుట్టిన రాగి తీగ. సెకనుకు వందసార్లు దిశ మారే సరఫరాలో ఆ చుట్ట తన అయస్కాంత క్షేత్రాన్ని పెంచుకోవడానికి కొంత శక్తిని తీసుకుని, క్షేత్రం తగ్గేటప్పుడు దాన్ని తిరిగి లైనుకే పంపేస్తుంది. అందువల్ల కరెంటు ఎగుడుదిగుళ్లు వోల్టేజీ ఎగుడుదిగుళ్ల కంటే కాస్త వెనకబడతాయి. ఉయ్యాల మన నుంచి దూరంగా వెళుతున్నప్పుడు తోస్తే ఊపు పెరుగుతుంది, మన వైపు వస్తున్నప్పుడు తోస్తే చేతికి శ్రమ ఉంటుంది గాని ఊపు పెరగదు. కరెంటుకూ వోల్టేజీకీ పొంతన తప్పిన క్షణాల్లో జరిగేది ఇలాంటిదే. ఇంటి మీటరు ఆ తిరిగి వెళ్లే భాగానికి యూనిట్లు లెక్కించదు, నిజంగా ఖర్చయిన 125 వాట్లనే లెక్కిస్తుంది. తీగలు మాత్రం 0.85 ఆంపియరు మొత్తాన్నీ మోయాలి. అందుకే పవర్ ఫ్యాక్టరు సంగతిలో మన కన్నా కరెంటు సంస్థకూ, ఫ్యాక్టరీలవారికీ పట్టింపు ఎక్కువ.

ఫ్రిజ్ ఆన్ అయిన క్షణాన్ని కూడా గమనించాలి. కదలకుండా ఉన్న మోటారును కదిలించడానికి మొదటి క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు వెళుతుంది. ఈ మీటరు తెర నిదానంగా మారే రకం కనుక ఆ శిఖరాన్ని పూర్తిగా పట్టుకోలేదు, అంకె ఒక్కసారి ఎగిరి దిగడం వరకే కనిపిస్తుంది. పాత ఇళ్లలో ఫ్రిజ్ ఆన్ అయినప్పుడు బల్బు ఒక్క రెప్పపాటు మసకబారడానికి కారణం అదే.

ఇన్ని వస్తువులను పరీక్షించాక నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన పరిశీలన మరొకటి ఉంది. ఒకే లో వోల్టేజీకి ఇంట్లోని వస్తువులు మూడు రకాలుగా స్పందిస్తాయి. కెటిల్, ఇస్త్రీ పెట్టె వంటివి వోల్టేజీ తగ్గితే కరెంటు కూడా తక్కువ లాగి, నెమ్మదిగా పనిచేస్తాయి. వాటికి ప్రమాదమేమీ లేదు. టీవీ, ఫోన్ ఛార్జరు, ల్యాప్‌టాప్ ఛార్జరు వంటివాటిలో వోల్టేజీని సర్దుకునే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది. ఛార్జరు మీద 100 నుంచి 240 వోల్టులని సన్నటి అక్షరాలతో రాసి ఉండడానికి అర్థం అదే. వోల్టేజీ తగ్గితే అవి కరెంటును పెంచుకుని వాట్లను యథాతథంగా ఉంచుకుంటాయి. మా టీవీ 236 దగ్గరా, 212 దగ్గరా దాదాపు ఒకే వాట్లు చూపింది, ఆంపియర్ల అంకె మాత్రం మారింది. మూడో రకం ఫ్రిజ్ కంప్రెసరు వంటి మోటార్లు. బరువు మీద ఉన్న మోటారుకు వోల్టేజీ తగ్గితే బలం తగ్గుతుంది, చేయవలసిన పని మాత్రం అలాగే ఉంటుంది. దాంతో అది ఎక్కువ కరెంటు లాగుతుంది, చుట్ట వేడెక్కుతుంది, వోల్టేజీ మరీ పడిపోతే కదలలేక నిలిచిపోయి కాలిపోవచ్చు. పల్లెల్లో బావి మోటార్లు లో వోల్టేజీకి కాలిపోవడం, స్టెబిలైజరు కెటిల్‌కు అక్కరలేక ఫ్రిజ్‌కు అవసరం కావడం, రెండింటికీ మూలం ఇక్కడ ఉంది. ఎవరో చెప్పారని ప్రతిదానికీ స్టెబిలైజరు కొనే ముందు ఈ మూడు రకాలను గుర్తుంచుకుంటే డబ్బు మిగులుతుంది.

మిక్సీ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మీద 750 వాట్లని ఉన్నా ఖాళీ జారుతో అంత లాగదు, గట్టి పచ్చడి పడినప్పుడు అంకె పెరుగుతుంది, నీళ్లు పోయగానే తగ్గుతుంది. మోటారు తన మీద పడిన బరువును బట్టి కరెంటు తీసుకుంటుందని చూపడానికి ఇంతకన్నా సులభమైన ప్రదర్శన లేదు.

చిన్న వస్తువుల విషయంలో జనంలో ఉన్న భయాలను ఈ మీటరు సరిదిద్దుతుంది. ఫోన్ తీసేసినా ఛార్జరును సాకెట్టులో వదిలేస్తే బిల్లు పెరుగుతుందని చాలా ఇళ్లలో గొడవ. మంచి ఛార్జరు ఖాళీగా లాగేది ఎంత తక్కువంటే ఈ మీటరు 0.0 అని చూపుతుంది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోనును రోజూ సున్నా నుంచి పూర్తిగా ఛార్జి చేసినా, దారిలో పోయే నష్టాన్ని కలుపుకున్నా, నెలకు ఒక యూనిట్ కూడా కాదు. అదే సెట్‌టాప్ బాక్సు సంగతి చూడండి. రిమోట్‌తో ఆపినా మా బాక్సు సుమారు పది వాట్లు లాగుతూనే ఉంది, ఆన్‌లో ఉన్నప్పటికీ ఆఫ్‌లో ఉన్నప్పటికీ తేడా స్వల్పం. పది వాట్లు రోజంతా నడిస్తే నెలకు ఏడు యూనిట్ల పైమాటే. అందరూ ఛార్జరు మీద పడతారు గాని, గోడ స్విచ్చి ఆపవలసినది టీవీ వెనక ఉంది.

ఇంతకూ ఈ వెయ్యి రూపాయల మీటరు చూపే అంకెలను నమ్మవచ్చా? దీన్ని ఇంట్లోనే సరిచూసుకోవచ్చు, ప్రతి కొనుగోలుదారూ సరిచూసుకోవాలి కూడా. మీ ఇంటి కరెంటు మీటరు మీద ఎర్రగా మిణుకుమనే చిన్న దీపం ఉంటుంది, దాని పక్కన యూనిట్‌కు ఎన్నిసార్లు మిణుకుతుందో రాసి ఉంటుంది. చాలా ఇళ్ల మీటర్ల మీద అది 3200. ఇంట్లో అన్నీ ఆపి, కెటిల్ ఒక్కటే నడపండి. పవర్ మీటరు 1500 వాట్లు చూపుతుంటే ఆ దీపం నిమిషానికి 80 సార్లు మిణుకాలి. ఇంటి మీటర్లు సాధారణంగా ఒక శాతం తేడాకు లోబడి ఉండే తరగతికి చెందినవి కనుక వాటిని ప్రమాణంగా తీసుకోవచ్చు. మా దగ్గర రెండూ చక్కగా సరిపోయాయి. నాలుగైదు వాట్ల కన్నా తక్కువ లాగే వస్తువుల దగ్గర మాత్రం ఈ మీటరును అంతగా నమ్మలేం. సున్నా అంటే అసలు లాగడం లేదని కాకుండా, తన కొలతకు అందనంత తక్కువని అర్థం చేసుకోవాలి.

ఆ మిణుకుల పద్ధతి ఇంకో లోటును కూడా పూడుస్తుంది. ఈ పరికరం ప్లగ్గు ఉన్న వస్తువులనే కొలుస్తుంది. సీలింగ్ ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు, నేరుగా వైరింగుకు కలిపిన గీజరు దీనికి అందవు, మన ఇళ్లలో ఎక్కువ గంటలు నడిచేవి ఫ్యాన్లే. మిగతావన్నీ ఆపి ఒక్క ఫ్యాను వేసి ఇంటి మీటరు దగ్గర నిలబడితే, 75 వాట్ల పాత ఫ్యానుకు పదిహేను సెకన్లకు ఒక మిణుకు, తక్కువ కరెంటు లాగే కొత్త రకం మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానుకు దాదాపు ముప్పై ఎనిమిది సెకన్లకు ఒక మిణుకు కనిపిస్తుంది. ఇది చేయడానికి పైసా ఖర్చు లేదు. కేవలం ఫ్యాన్ల కోసమే పవర్ మీటరు కొనాలనుకునేవారు కొనవద్దు.

ఇది చూపలేని మరో విషయం అంతకన్నా ముఖ్యమైనది. మీటరు తెర మీద అన్ని అంకెలూ సరిగ్గా ఉన్నంత మాత్రాన ఆ వస్తువు ముట్టుకోవడానికి క్షేమమని కాదు. ఎండాకాలంలో ఇనుప బాడీ కూలర్లు షాకు కొట్టడం మన దగ్గర ఏటా వింటున్న మాట. తడి చేరి ఫేజు నుంచి బాడీకి కరెంటు లీకైతే ప్రాణం తీయడానికి ఆంపియరులో కొన్ని వందో వంతులు చాలు, వాట్లలో అది తెర మీద తేడాగా కూడా తోచదు. ఆ పని చేయవలసినవి రెండు: సరైన ఎర్తింగు, 30 మిల్లీఆంపియర్ల లీకుకే సరఫరాను తెంపేసే ఆర్‌సీసీబీ. త్రీపిన్ ప్లగ్గులో పైనున్న ఎర్తు పిన్ను మిగతా రెండింటికన్నా పొడవుగా, లావుగా ఉండడం గమనించే ఉంటారు. ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు అది కలవాలి, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర విడిపోవాలి; అందుకే ఆ పొడవు. కొన్ని చవక మీటర్లకు రెండు పిన్నులే ఉంటాయి, లేదా ఏ దేశపు ప్లగ్గు అయినా పట్టేలా వదులైన యూనివర్సల్ సాకెట్టు ఉంటుంది. అటువంటి వాటిలో ఎర్తు కొనసాగదు, లేదా పట్టు సరిగా ఉండదు. ధర ఎంత తక్కువైనా వాటిని ఇంటికి తేవద్దని గట్టిగా చెబుతున్నాను.

పట్టు గురించి ఇంత పట్టుబట్టడానికి లెక్క ఉంది. సాకెట్టు లోపలి ఇత్తడి పలక వదులై, పిన్నుకూ పలకకూ మధ్య 0.1 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకుందాం. 3000 వాట్ల గీజరు 13 ఆంపియర్లు లాగుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక 13ను 13తో, ఆపైన 0.1తో గుణిస్తే దాదాపు 17 వాట్లు. ఆ వేడంతా ఆ చిన్న చోటనే పుట్టి, ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, పట్టు ఇంకా వదులవుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. నల్లబడిన సాకెట్టులన్నింటి కథా ఇదే. పవర్ మీటరు పెట్టడమంటే ఆ దారిలో ఇంకో జత అతుకులు చేర్చడమే. అందువల్ల 16 ఆంపియర్లు అని రాసి ఉన్నా గీజరు, ఇమ్మర్షన్ రాడ్డు వంటివాటి మీద దీన్ని గంటల తరబడి ఉంచకుండా, కొలత తీసుకుని తీసేయడం మంచిది. గీజరు మీద పెట్టినప్పుడు మా మీటరు వెనక భాగం చేతికి తెలిసేంత వెచ్చబడింది. దీన్ని లోపమని అనలేను గాని, జాగ్రత్త పడవలసిన విషయమే.

నిజమైన లోపాలు వేరే ఉన్నాయి. ఇందులో లెక్కను గుర్తుంచుకునే బ్యాటరీ లేదు. ఫ్రిజ్ వాడకం తెలియాలంటే ఒక రోజంతా ఉంచాలి, ఎందుకంటే కంప్రెసరు నడుస్తూ ఆగుతూ ఉంటుంది. మధ్యలో కరెంటు పోయిందా, పొద్దుటి నుంచి పోగైన యూనిట్లన్నీ చెరిగిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. కోతలు సాధారణమైన చోట దీనివల్ల కలిగే విసుగు తక్కువ కాదు. కాస్త ఎక్కువ ధర పెట్టి బటన్ బ్యాటరీ ఉన్న రకం తీసుకోవడమే మేలు. అలా ఒక పూర్తి రోజు కొలత దొరికితే, దాన్ని 365తో గుణించి ఫ్రిజ్ తలుపు మీద స్టార్ లేబులులో రాసిన ఏడాది యూనిట్లతో పోల్చుకోవచ్చు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2006లో మొదలుపెట్టిన ఆ లేబులులో నక్షత్రాల కన్నా ఈ యూనిట్ల అంకే ఎక్కువ సమాచారం ఇస్తుందని నా అభిప్రాయం. వేసవి కొలత లేబులు కన్నా ఎక్కువ వస్తే కంగారు పడనవసరం లేదు. వేడి గదిలో కంప్రెసరు ఎక్కువసేపు నడవడం సహజం.

రెండో లోపం తెర. వెనక వెలుగు లేదు. మన ఇళ్లలో పవర్ సాకెట్టులు మంచం వెనకో, ఫ్రిజ్ వెనకో, నేలకు జానెడు ఎత్తులోనో ఉంటాయి. అక్కడ వంగి టార్చి వేసి చదవాల్సి వస్తుంది. మూరెడు మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సుతో దీన్ని బయటికి తెచ్చుకోవచ్చు, అయితే ఆ బాక్సు కూడా 16 ఆంపియర్లదే అయి, ఐఎస్ఐ గుర్తు ఉన్నదై ఉండాలి.

మూడోది రూపాయల లెక్క. యూనిట్ ధర ఒకటి మనం పెడితే ఖర్చును రూపాయల్లో చూపుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ గృహ వినియోగానికి స్లాబులు ఉన్నాయి, వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్ల ధర పెరుగుతుంది. ఒకే ధర పట్టే మీటరుకు ఈ సంగతి తెలియదు. నా సలహా ఏమిటంటే, మీ బిల్లు చేరుతున్న చివరి స్లాబు ధరను అందులో పెట్టుకోండి, ఎందుకంటే మీరు ఒక యూనిట్ తగ్గిస్తే ముందుగా తగ్గేది ఆ పై స్లాబులోని యూనిట్టే. తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన కుటుంబాలకు 2024 మార్చి నుంచి జీరో బిల్లు వస్తోంది. ఆ గీతకు దగ్గరగా ఉన్నవారికి సెట్‌టాప్ బాక్సు ఏడు యూనిట్లు, రైస్ కుక్కరు వెచ్చదనానికి పోయే పావు యూనిట్ల లెక్క కూడా నిర్ణాయకం కావచ్చు. వారికి మాత్రం ఈ మీటరు ధర త్వరగానే తిరిగి వస్తుంది. మిగతావారు బిల్లు ఆదా ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే తొందరగా తిరిగి రాదు.

స్కూలుకు వెళ్లే పిల్లలున్న ఇంట, హాస్టలు వార్డెన్ల దగ్గర, ముఖ్యంగా జిల్లా పరిషత్ హైస్కూళ్ల సైన్సు గదుల్లో ఇది ఉండాలని కోరుకుంటాను. పిల్లల చేత చేయించేటప్పుడు పెద్దవారు పక్కన ఉండాలి, తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోనివ్వకూడదు, మీటరును ఏ పరిస్థితిలోనూ విప్పనివ్వకూడదు. కొనేవారు త్రీపిన్ ప్లగ్గు, 16 ఆంపియర్లు, బ్యాటరీ, పవర్ ఫ్యాక్టరు చూపే తెర, ఈ నాలుగూ ఉన్నదే తీసుకోవాలి. తయారీదారులను అడగవలసినది ఒకటి ఉంది. పెట్టెలో ఇచ్చే కాగితం ఇంగ్లీషులో, భూతద్దం పెడితే తప్ప కనపడని అక్షరాల్లో ఉంది. తెరపై కనిపించే ఒక్కో గుర్తుకూ ఒక్కో వాక్యం చొప్పున తెలుగులో వివరణ ముద్రించి అందులో పెడితే, ఒక పల్లెటూరి పదో తరగతి విద్యార్థి ఎవరి సాయం లేకుండానే తన ఇంటి ఇస్త్రీ పెట్టె నిరోధాన్ని లెక్కగట్టుకోగలడు.